నాన్న పెట్టిన టిక్కు

మా ఇంటి పనులు రాసుకున్న ఆ యాప్ ఇప్పుడు లేదు. దాన్ని తయారుచేసినవాళ్ళే ఎప్పుడో మూసేశారు. మూసేముందు మీ జాబితాలు దాచుకోండి అని ఒక కబురు పంపారు గానీ, మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అన్నయ్య ఫోన్లో మాత్రం ఆ వానాకాలం తాలూకు ఫొటో ఒకటి మిగిలింది. తెల్లటి తెర మీద వరసగా పనులు, ప్రతిదాని పక్కనా చిన్న గడి. నాన్నమ్మ మాత్ర. మోటారు ఆపాలి. వంటింటి కుళాయి వాషరు. గొడుగు బాగుచేయించాలి. నాన్నమ్మతో కాసేపు కూర్చుని మాట్లాడాలి. ఆ చివరిది నాన్నమ్మే పట్టుబట్టి పెట్టించుకుంది. నాన్నమ్మ పోయి ఏడేళ్ళయింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా నవ్వొస్తుంది, తర్వాత కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు.

ఆ ఏడు వానలు మొదలైన రెండో వారంలో అమ్మ కాలు విరిగింది. డాబా మీద ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని పరుగెత్తుకెళ్ళి, దిగేటప్పుడు మెట్టు జారింది. చీలమండ దగ్గర రెండు చోట్ల విరిగిందన్నారు. డాక్టరు మోకాలి దాకా కట్టు వేసి, ఎనిమిది వారాలు కాలు నేల మీద ఆనించొద్దన్నాడు. అమ్మను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి వెనక గదిలో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టాం. విరిగింది అమ్మ కాలే గానీ, మర్నాడు పొద్దున్న కుంటింది మా ఇల్లు.

మోటారు ఎన్నింటికి వెయ్యాలో ఎవరికీ తెలియదు. నాన్నమ్మ మాత్రల్లో గులాబీరంగుది తిండికి ముందో తర్వాతో నాన్నమ్మకే తెలియదు. నాన్న తన మేజోళ్ళ కోసం అలమారా అంతా కుమ్మేసి, చివరికి వేసుకోకుండానే పనికి వెళ్ళాడు. అన్నయ్య టీ పెట్టబోయి ఉప్పు వేశాడు. తొమ్మిదయ్యేలోపు అమ్మ గది గుమ్మం మేం నలుగురం కలిసి ఎన్నిసార్లు తొక్కామో చెప్పలేను. అమ్మ కళ్ళు మూసుకునే అన్నిటికీ జవాబు చెప్పింది. అన్నయ్య అంతా చూసి, ఇలా లాభం లేదు, దీనికో పద్ధతి కావాలన్నాడు.

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. ప్రపంచంలో ప్రతి బాధకీ ఒక యాప్ ఉంటుందని నమ్మేవాడు. ఎన్ని అడుగులు నడిచాడో లెక్కపెట్టేది ఒకటి, నీళ్ళు తాగమని గుర్తుచేసేది ఒకటి, ఎంతసేపు నిద్రపోయాడో చెప్పేది ఇంకొకటి. ఊపిరి పీల్చమని చెప్పేది కూడా ఉందేమో చూడరా అని నాన్నమ్మ ఎగతాళి చేస్తే, ఉంది నాన్నమ్మా అని తెరిచి చూపించాడు. నాన్నమ్మ నోరు మూయించడం వాడి వల్ల అయింది ఆ ఒక్కసారే.

ఆ ఆదివారం వాడు కుర్చీ లాక్కుని అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నీ తలలో ఉన్నదంతా చెప్పెయ్. దీంట్లో ఎక్కిస్తా. తర్వాత నిన్నెవరూ విసిగించరు."

అమ్మ నవ్వింది. ఏముంటాయిరా, నాలుగు పనులేగా అంది. అని, పది గంటలకి మొదలుపెట్టింది. నేను కూరగాయలు తరుగుతూ వింటున్నాను. రోజూ చేసేవి, వారానికోసారి చేసేవి, వాన వస్తే చేసేవి, రాకపోతే చేసేవి. నాన్నమ్మ చెవిలో చుక్కలమందు బుధవారం, శనివారం. అన్నయ్య పనిబట్టలు విడిగా నానబెట్టాలి, గ్రీజు అంటుతుంది. చిన్నది పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి సెలవు మంగళవారం, ఆ రోజు దాన్ని లేపకూడదు. ఆ చిన్నదాన్ని నేనే, నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. మంగళవారం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండటం దానంతట అదే జరుగుతుందనుకునేదాన్ని. వంటయ్యేసరికి లెక్క నూట నలభై మూడు దగ్గర తేలింది. అన్నయ్య ఫోను వేడెక్కిపోయింది. వాడు ఆ తెరను కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నాడు.

అలా మా అందరి ఫోన్లలోకీ ఆ జాబితా వచ్చింది. అన్నయ్య మాటల్లో దాని సూత్రం చాలా తేలిక. ఎవరికి వీలైతే వాళ్ళు పని చెయ్యాలి, చేశాక గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు పడిన పని గంట తర్వాత అందరి తెరల మీంచీ మాయమైపోతుంది. మాత్రల కోసం వేరే ఒకటి పెట్టాడు. అది వేళకి రైలు కూత కూసేది. మొదటి రోజు ఆ కూతకి నాన్నమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఎవరొచ్చారని అడిగింది. నాలుగు రోజులయ్యేసరికి కూత రాకముందే మాత్ర మింగేసి, ఫోను వంక చూస్తూ, ఓడిపోయావు అనేది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి మూడు వారాలూ మా ఇంట్లో అంత సరదా ఎప్పుడూ లేదు. ఒకరి మీద ఒకరం పనులు రాసుకునేవాళ్ళం. బాత్రూం కడగడం నా పేరున పెట్టి అన్నయ్య పనికి ఉడాయించేవాడు. నేను వాడి పేరున, చిన్నదానికి క్షమాపణ చెప్పాలి, అని రాసేదాన్ని. నాన్నమ్మకి రాయడం రాదు గానీ, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని తెలిశాక ఆవిడ నోట్లో నువ్వుగింజ నానలేదు. కూరలో కారం ఎక్కువైంది. ఎదురింటావిడ మళ్ళీ మన గుమ్మం ముందే చెత్త ఊడ్చింది. ఇవన్నీ పనుల వరసలోనే వచ్చి పడేవి, పక్కన గడితో సహా. అమ్మ మంచం మీదే చదువుకుని, కట్టు కదిలిపోయేలా నవ్వేది.

అందరికంటే ఆ జాబితాను ఇష్టపడింది నాన్న. మాటలు తక్కువ మనిషి. బైండింగు షాపులో ముప్ఫై ఏళ్ళుగా పని, చేతులకి ఎప్పుడూ జిగురు వాసన. పొద్దున్న ఆరింటికల్లా లేచి, కళ్ళజోడు పెట్టుకుని, వీధి గదిలో నిలబడి జాబితా మొత్తం పైనుంచి కింది దాకా చదివేవాడు. చదువుతూ, తను చెయ్యగలననుకున్న ప్రతిదానికీ టిక్కు పెట్టేవాడు.

ఇక్కడో సంగతి చెప్పాలి. అది అప్పుడు మాకెవరికీ తట్టలేదు. నాన్న షాపులో ప్రతి పనికీ ఒక చీటీ ఉంటుంది. చీటీలన్నీ గోడకి కొట్టిన మేకులకి వేలాడుతుంటాయి. పొద్దున్న రాగానే పెద్ద మేస్త్రి, అంటే నాన్న, అన్ని చీటీలూ చదివి ఒక్కొక్కదాని మూలా టిక్కు పెడతాడు. చూశాను, నా మనసులో ఉంది అని దానర్థం. పని పూర్తయ్యాక, చేసినవాడు ఆ చీటీని చింపి డబ్బాలో పడేస్తాడు. గోడ మీద చీటీ లేదంటే పని అయిపోయినట్టు. ముప్ఫై ఏళ్ళు అలా పెట్టిన చెయ్యి, ఫోన్లోనూ అలాగే పెట్టింది.

తను ఒప్పుకున్న పనులు నాన్న సాయంత్రానికి చేసేసేవాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కుళాయి వాషరు మాత్రం రెండుసార్లు జాబితాలోంచి మాయమైంది, కుళాయి కారుతూనే ఉంది. నేను చేయించాననుకున్నాడు అన్నయ్య, వాడు చేశాడనుకున్నాను నేను. ఎవరికి వారే యమునా తీరే. మూడోసారి విసుక్కుంటూ అన్నయ్యే వేశాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా కళ్ళజోళ్ళ షాపుకి రెండు వీధుల అవతల ఉన్న బడి హెడ్ మేడమ్ వచ్చింది. అద్దాలు మార్చుకుంటూ, లైబ్రరీకి సాయంగా ఒక మనిషి కావాలి, పుస్తకాలు చిరిగితే కుట్టి అతికించగలిగేవాళ్ళు ఎవరూ దొరకడం లేదు, అని మాటల్లో అంది. ఇంటికొచ్చి ఏదో కబురులా అమ్మతో చెప్పాను.

అమ్మకి పుస్తకాలు కుట్టడం కొత్త కాదు. పెళ్ళయినప్పటి నుంచీ నాన్న షాపులో పని ఎక్కువైనప్పుడల్లా విడి ఫారాలు, అంటే మడిచిన అచ్చు కాగితాల కట్టలు, ఇంటికి తెచ్చేవాడు, అమ్మ సూదీ దారంతో కుట్టి ఇచ్చేది. కుడుతూ చదివేది. అట్ట వెయ్యకముందే చదివేది కాబట్టి చాలా పుస్తకాల పేర్లు తెలియవు, కథలు మాత్రం తెలుసు. ఒక్కోసారి చివరి ఫారం ఇంకెవరికో కుట్టడానికి వెళ్ళిపోయేది. అలాంటి కథలకి తనే ఏదో ఒక ముగింపు చెప్పుకునేది. చిన్నప్పుడు మేం విన్న కథల్లో సగం ముగింపులు అమ్మవే.

నేను చెప్పింది విని అమ్మ మర్నాడు తెల్లకాగితాలు నాలుగు అడిగింది. మూడు చింపేసింది. నాలుగోది నా చేతికిచ్చి, తప్పులున్నాయేమో చూడమంది. చదువు పదో తరగతి. అనుభవం అన్నచోట ఇలా రాసింది: ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాను. కుట్టినవన్నీ చదివాను.

"నవ్వుతారేమోనే," అంది.

ఎందుకు నవ్వుతారన్నాను. కవరులో పెట్టి అంటించాను. నేను పట్టుకెళ్ళి ఇస్తానని అప్పుడే అనాల్సింది. అనలేదు, అమ్మే ఫోను తీసుకుంది. ఉండవే, అందరి పనులూ దీంట్లోనేగా ఉన్నాయి, నాదీ ఒకటి పెట్టుకుంటా, అంది చిన్నపిల్లలా. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. నా దరఖాస్తు బడి ఆఫీసులో ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపు.

ఆ నూట నలభై పైచిలుకు పనుల్లో అమ్మకంటూ ఉన్నది అదొక్కటే. కవరు వీధి గదిలో గుమ్మం పక్క బల్ల మీద పెట్టాను, బయటికి వెళ్ళేవాళ్ళెవరైనా తీసుకుంటారని. అది మంగళవారం. నాకు సెలవు, బయట వాన. రేపు షాపుకి వెళ్తూ ఇద్దాంలే అనుకున్నాను.

బుధవారం నేను లేచి చూసేసరికి ఆ పని జాబితాలో లేదు. అన్నయ్య అప్పటికే వెళ్ళిపోయాడు. వాడు ఆ బడి వైపే పని ఉందన్నాడు కదా, ఇచ్చేసి ఉంటాడు అనుకుని, గొడుగు తీసుకుని పరుగెత్తాను. బల్ల వంక కూడా చూడలేదు. చూసి ఉంటే, ఆ రోజు పేపరు కింద కవరు అంచు కనిపించేది.

వెనక గదిలో అమ్మ కూడా అది మాయమవడం చూసింది. చూసి ఎంత సంబరపడిందో నాకు తెలుసు, ఆ సాయంత్రం నేను వచ్చేసరికి జుట్టు దువ్వుకుని దిండుకి ఆనుకుని కూర్చుంది. ఎవరిచ్చారని అడగలేదు. అడిగితే నాన్నమ్మ ముందు పెద్ద విషయం చేసినట్టవుతుందని మొహమాటం. అయిదు రోజులూ తనలో తనే లెక్కలు వేసుకుంది. పిలిస్తే కట్టు విప్పాకే వస్తానంటే ఒప్పుకుంటారా, చేతికర్రతో వెళ్తే ఏమనుకుంటారు. నన్ను మాత్రం రెండుసార్లు అడిగింది, ఆ హెడ్ మేడమ్ ఎలాంటి మనిషే అని.

సోమవారం సాయంత్రం నాన్నమ్మ పాత పేపర్లు కట్టకడదామని తీసింది. అందరం అమ్మ గదిలోనే ఉన్నాం, టీ తాగుతూ. నాన్నమ్మ కవరు పట్టుకుని వచ్చి, ఇదెవరి ఉత్తరమర్రా, పేపర్ల కింద పడి ఉంది, అంది.

అమ్మ చెయ్యి చాపి తీసుకుంది. ఇటూ అటూ తిప్పి చూసింది. అన్నయ్య ఫోను తీశాడు. చేసిన పనులన్నీ ఎక్కడో లోపల దాచి ఉంటాయని వాడికే తెలుసు. వెతికి, చదవబోయి ఆగిపోయాడు.

"చదువు," అన్నాడు నాన్న.

"బుధవారం. పొద్దున్న ఆరూ పది. పూర్తిచేసినవారు..." అని నాన్న వంక చూశాడు.

నాన్నకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేను చూశానని పెట్టాను," అన్నాడు. "చేశానని కాదు. శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి నేనే వెళ్దామనుకున్నా. మేనేజరుకి చెప్పాను కూడా. గురువారం చూస్తే అది లేదు. ఎవరో ఇచ్చేసొచ్చారనుకున్నా."

తన టిక్కే దాన్ని చెరిపేసిందని, చెరిగిపోయింది కాబట్టి ఎవరో చేసేశారని తనే నమ్మాడని, ఆ మాట అంటుండగానే తెలిసింది ఆయనకి. కుళాయి సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. నేనూ చెప్పాను, రేపు ఇద్దాంలే అనుకున్నానని. అన్నయ్య మంగళవారమే చూశాడట, బడి చిన్నదాని షాపు దగ్గరేగా, అదే ఇస్తుందిలే అనుకున్నాడట. తిలా పాపం తలా పిడికెడు. గదిలో నిలబడటానికి చోటు లేనట్టనిపించింది నాకు.

అమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కవరు ఒళ్ళో పెట్టుకుని మామూలుగానే అడిగింది.

"ఇరవై ఆరేళ్ళలో మీలో ఎవరి పనైనా నేను ఒక్కటి మరిచిపోయానా?"

నాన్న తల వంచుకున్నాడు. జవాబు చెప్పింది నాన్నమ్మ. అమ్మకీ ఆవిడకీ ఏ రోజూ ఒక మాట మీద పొసిగేది కాదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెరిచే వేళ దాకా అన్నిటికీ వాదనే. అలాంటి మనిషి మంచం అంచున కూర్చుని, అమ్మ కట్టు మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా," అంది. "ఒక్కటి కూడా లేదు."

అమ్మ తలాడించింది. దిండు పక్క నుంచి ఫోను తీసుకుని రెండుచోట్ల నొక్కి పక్కన పెట్టేసింది. మా అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. అమ్మ ఈ జాబితా నుండి వైదొలిగారు, అని.

కోప్పడినా బాగుండేది. మర్నాటి నుంచి అమ్మ అందరితో మామూలుగానే ఉంది. నవ్వింది, కబుర్లు చెప్పింది, అన్నయ్య పెట్టిన చప్పటి కూర బాగుందంది. ఏదైనా ఎక్కడుందని అడిగితే మాత్రం, నాకు తెలియదు, చూసుకోండి, అనేది. తెలుసని మాకు తెలుసు. అయినా రెండోసారి అడిగే మొహం ఎవరికీ లేదు.

నాన్న ఆ మంగళవారం సెలవు పెట్టి కవరు తీసుకుని బడికి వెళ్ళాడు. మధ్యాహ్నం తడిసి ముద్దై తిరిగొచ్చాడు. తల కూడా తుడుచుకోకుండా నేరుగా వెనక గదికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. శనివారమే ఇంకొకామెని తీసుకున్నారు. హెడ్ మేడమ్ మర్యాదగానే మాట్లాడింది గానీ, చేసేదేం లేదంది. ఆమెకి అన్నీ చెప్పాను, తప్పు నాదేనని చెప్పాను, ఉత్తరం మాత్రం ఉంచమని అక్కడే ఇచ్చేసి వచ్చాను, అన్నాడు.

"సరేలెండి," అంది అమ్మ. "తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది."

నాన్న గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, తువ్వాలు ఎక్కడుందని అడగకుండా వెళ్ళి వెతుక్కున్నాడు.

మిగిలిన వానాకాలం అంతా మేం ఇల్లు నేర్చుకున్నాం. జాబితాలో ప్రతి పనికీ ఇక ఒక పేరు ఉండాలన్నాడు అన్నయ్య, అందరిదీ అంటే ఎవరిదీ కాదని. పదిమంది చేరితే పాము చావదని నేను మొదటి రోజే అనుకున్నాను అంది నాన్నమ్మ. అనుకుంటే చెప్పొచ్చుగా అంటే, మైకు నొక్కడం మరిచిపోయానంది. నాన్న ముందే టిక్కులు పెట్టడం మానేశాడు. పని చేశాక, చేసిన చోటే నిలబడి, ఒకటికి రెండుసార్లు చూసుకుని అప్పుడు పెట్టేవాడు. గులాబీరంగు మాత్ర తిండికి ముందని ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చేది.

ఆ నూట నలభై మూడిట్లో లేనివి కూడా బయటపడ్డాయి. అలమారాల వెనక గోడ చెమ్మగిల్లి, అన్నయ్య సర్టిఫికెట్ల మీద బూజు పట్టింది. వానాకాలంలో రోజు విడిచి రోజు అమ్మ ఆ గోడని పొడిబట్టతో తుడిచేదట. అది ఒక పని అని తనకే తెలియక మాకు చెప్పలేదు. నాన్నా నేనూ అలమారాని జరుపుతుంటే, ఆయన నా వంక చూడకుండా, మీ అమ్మ ఎప్పుడు కూర్చునేదే, అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

కట్టు విప్పారు. చేతికర్రతో అమ్మ ముందు గుమ్మం దాకా, తర్వాత వీధి చివరి దాకా నడిచింది. వంటింట్లోకి వచ్చింది, వంట చేసింది, కానీ జాబితాలోకి రాలేదు. అన్నయ్య రెండుసార్లు పిలుపు పంపాడు. అమ్మ వాటిని తెరవనైనా లేదు. నాన్న వద్దురా, వదిలెయ్ అన్నాడు. వానలు తగ్గుముఖం పట్టాయి. ఆ ఉద్యోగం సంగతి ఇంట్లో ఎవరం ఎత్తలేదు. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే నేను చుట్టుదారిన వెళ్ళేదాన్ని.

అప్పుడొచ్చింది ఫోను. సాయంత్రం నాలుగున్నర. నేను షాపు నుంచి త్వరగా వచ్చిన రోజు. అమ్మ కుట్టు దారానికి మైనం రాస్తూ, స్పీకరు నొక్కింది. హెడ్ మేడమ్. ఆ చేరినామెకి వేరే ఊళ్ళో పని దొరికిందట, నిన్నటితో మానేసింది. మీ ఆయన ఇచ్చిపోయిన ఉత్తరం నా దగ్గరే ఉంది, కుట్టినవన్నీ నిజంగా చదివారా, అని అడిగింది.

"చదివానండి," అంది అమ్మ. "చివరి ఫారం దొరకనివి కొన్ని ఉన్నాయి."

అవతల ఆవిడ నవ్వు వినిపించింది. రేపు ఎనిమిదింటికి రాగలరా అంది. వస్తానంది అమ్మ. ఫోను పెట్టేశాక దారం వంక చూస్తూ ఉండిపోయింది. నేను వెళ్ళి పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడవాల్సింది నేను కదే, అని నా వీపు నిమిరింది.

సాయంత్రం అందరూ వచ్చాక అమ్మ తనే చెప్పింది. నాన్నమ్మ, అయితే మధ్యాహ్నం నాకు తోడెవరని గొణిగి, వెంటనే, ఎదురింటావిడ ఉందిలే, చెత్త సంగతి తేల్చుకోవాలి, అంది. నాన్న నవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. తిన్నాక అమ్మ తన గ్లాసు కడిగి బోర్లించి, వెనక గది వైపు వెళ్తూ వెళ్తూ ఆగింది. మా అందరికంటే ముందు లేవడమే గానీ, ఒకరు లేపితే లేచిన రోజు నా ఎరుకలో లేదు అమ్మకి. కర్ర మీద బరువు ఆనించి, ఎవరి వంకా ప్రత్యేకంగా చూడకుండా అంది.

"కాలు నొప్పికి ఆ మాత్ర వేసుకుంటే మొద్దునిద్ర పడుతోంది. నన్ను ఆరున్నరకి లేపండి."

ఎవరికి చెప్పిందో తెలియదు. ఎవరి పేరూ పెట్టలేదు. అమ్మ వెళ్ళాక నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఫోను తియ్యబోయిన అన్నయ్యతో నాన్న, వద్దు, దాంట్లో రాయొద్దు, అన్నాడు.

మర్నాడు నేను ఆరు కావస్తుండగా లేచాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. అన్నయ్య స్టవ్ ముందు నిలబడి డబ్బా మీద పేరు చదివి మరీ టీలో పంచదార వేస్తున్నాడు. నాన్నమ్మ అప్పటికే మంచం మీద కూర్చుని ఉంది. నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అమ్మ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. నేను వెళ్ళి ఆయన భుజం పక్క నుంచి లోపలికి తొంగిచూశాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని. తెల్లవారాక అమ్మ నిద్రపోతుండగా నేను చూడటం అదే మొదటిసారి.

నేల పలక కదిలిందో ఏమో, అమ్మ చటుక్కున కళ్ళు తెరిచి లేవబోయింది.

"ఎంతయింది?"

"ఆరు," అన్నాడు నాన్న. "ఇంకా అరగంట ఉంది. పడుకో. నేను లేపుతాను."

అమ్మ మోచెయ్యి మీద లేచి ఆయన వంక చూసింది. చాలాసేపు చూసింది. నాన్న కదల్లేదు.

తర్వాత అమ్మ దుప్పటి భుజం దాకా లాక్కుని, అటు తిరిగి పడుకుంది. కొంచెంసేపట్లోనే మళ్ళీ నిద్రపోయింది. నాన్న ఆరున్నర దాకా ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు.